ఆ చిన్న గిన్నె ఎవరిదని అడక్కండి

శాన్‌హోసే నుంచి ఒక తెలుగావిడ రాశారు. భర్త వియత్నామీయుడు. ఆరేళ్ళ వయసులో, 1979లో, తల్లితో పడవెక్కి మలేషియా శిబిరం మీదుగా అమెరికా చేరాడు. ఏటా ఒక రోజున అత్తగారు పూర్వీకుల ఫొటోల ముందు వంటలన్నీ పెట్టి, చివర్లో ఒక చిన్న గిన్నె, చెంచా పెడతారు. ఎవరికో చెప్పరు. పదకొండేళ్ళ కొడుక్కి బడిలో కుటుంబ చరిత్ర రాయమంటే ఈవిడ అత్తగారిని సూటిగా అడిగేశారు. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. భర్త ‘నిన్నెవరు అడగమన్నారు’ అని అరిచి, కారేసుకుని వెళ్ళిపోయాడు. ‘పద్నాలుగేళ్ళ కాపురం తర్వాత కూడా నేను పరాయిదాన్నేనా?’ అన్నది ప్రశ్న.

కాదమ్మా. అసలు మీ ఆయనకు మాత్రం ఆ కథంతా తెలుసని ఎందుకనుకుంటున్నారు? ఆరేళ్ళవాడికి గుర్తుండేది డీజిల్ వాసనో, దాహమో, చీకటో. మిగతాది అమ్మ చెప్పాలి. ఆవిడ చెప్పి ఉండరు, ఈయన అడిగి ఉండడు. ఇన్నేళ్ళుగా తల్లీకొడుకులు మాట్లాడుకోకుండానే కుదుర్చుకున్న ఏర్పాటది, మీరు తెలియక కాలు పెట్టారు, అంతే.

ఇంకో సంగతి. అప్పట్లో కమ్యూనిస్టు పాలన నుంచి తప్పించుకోవడానికి వియత్నాం వదిలి ఇంటిల్లిపాదీ రాత్రిపూట దొంగచాటుగా బయల్దేరేవాళ్ళు, పట్టుబడితే జైలు. పడవలో పిల్లలు ఏడిస్తే అందరూ దొరికిపోతారని చంటివాళ్ళకు నిద్రమందు పట్టించిన తల్లులున్నారు, కాస్త పెద్ద పిల్లలకైతే ఒకటే మాట, నోరు తెరవద్దు. మాట్లాడకపోతేనే బతుకుతామని ఆ వయసులో నేర్చుకున్నవాడు మీతో మాట్లాడట్లేదంటే మీ మీద నమ్మకం లేక కాదు. అరిచి వెళ్ళిపోవడం మాత్రం తప్పే, అందులో ఆయన్ని వెనకేసుకు రాను.

ఆయనతో గొడవ చల్లారాక ఇలా అనండి: ‘అత్తయ్యను అలా అడగడం నా పొరపాటు. నీకు చెప్పాలనిపిస్తే వింటాను, అనిపించకపోతే వద్దు. కానీ నువ్వలా వెళ్ళిపోతే నాకు భయమేసింది.’ అక్కడితో ఆపేయండి. అత్తగారికి సారీ చెప్పడానికి అబ్బాయిని మధ్యలో పెట్టొద్దు. అలా వచ్చిన కుటుంబాల్లో ఆస్పత్రిలోనూ ఆఫీసుల్లోనూ పెద్దవాళ్ళకు తర్జుమా చేసి పెట్టింది చాలావరకు పిల్లలే, మీ ఆయనా చేసే ఉంటాడు. ఆ బరువు మళ్ళీ మీవాడికెందుకు?

బడి ప్రాజెక్టుకు అందరికీ తెలిసిన చరిత్ర చాలు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరాది కమ్యూనిస్టు సేనల వశమైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో పడవల మీద పరాయి తీరాలు చేరినవాళ్ళే దాదాపు 8 లక్షలు. తుపాన్లకు, దాహానికి, థాయ్‌లాండ్ సింధుశాఖలో దోపిడీ దొంగలకు బలైనవాళ్ళ కచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా లేదు. మలేషియాలో పులావ్ బిడాంగ్ అనే దీవి మహా అయితే చదరపు కిలోమీటరు ఉంటుంది, 1979 మధ్యకల్లా అందులో 40 వేల మంది తలదాచుకున్నారు. మ్యాపులో ఆ దీవిని వాడి చేతే గుర్తు పెట్టించండి. మీవాళ్ళున్నదీ ఆ దీవేనా అని మాత్రం ఇంట్లో ఆరా తీయకండి. మిగతా పేజీలు మీ పుట్టింటి కథతో నింపొచ్చు, టీచరుకు ఒక ముక్క చెబితే అర్థం చేసుకుంటారు.

ఇక ఆ గిన్నె. పోయినవాళ్ళకు వాళ్ళు ఏటా చేసేదాన్ని ‘యో’ అంటారు, మన తద్దినం లాగే చాంద్రమానం ప్రకారం. సముద్రంలో పోయినవాళ్ళకు తిథి తెలియదు కాబట్టి, ఇల్లు వదిలిన రోజునే చేసే కుటుంబాలున్నాయి. మీ ఇంట్లోదీ అదే కావచ్చు, కాకపోవచ్చు, ఎవరిదో నేను ఊహించను, మీరూ ఊహించి అడక్కండి. మీ పుట్టింట్లో తద్దినం నాడు పేరు కూడా తెలియని ముత్తాతకు దణ్ణం పెట్టలేదా? పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి కూరగాయలు ముందేసుకుని కూర్చోండి. పని చెప్పేటప్పుడు ఆవిడే ఏదో ఒక మాట అనొచ్చు. అనకపోయినా ఆ రోజు మీరు అక్కడున్నారు.

ఆ రోజు దగ్గరపడే కొద్దీ మీ ఆయనకు నిద్ర పట్టకపోయినా, కలల్లో ఉలిక్కిపడి లేస్తున్నా, చిన్న మాటకే మండిపడుతున్నా కౌన్సెలర్‌ని కలవమనండి. మీ ఊళ్ళో వియత్నామీయులు లక్షకు పైనే, వాళ్ళ భాషలో మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. అత్తగారికైతే ఆ భాషలోనే కావాలి.

ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది కాబట్టి, రోజుకో కాగితం చింపే వాళ్ళ గోడ కేలండరుంటే అందులో ఆ రోజెప్పుడొస్తుందో ముందే చూసుకోండి. అబ్బాయికి బడి మాన్పించి, కొత్తిమీర ఏరే పని వాడికి అప్పగించండి.