గుర్రం సంగతి తర్వాత.. సిరప్ ఎందుకు ఆపారమ్మా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అన్నారు. నాలుగో ఏట రెండుసార్లు ఫిట్స్ వస్తే వాల్‌ప్రోయేట్ సిరప్ రాశారు. ఏడాదిన్నరగా ఫిట్స్ లేవు. అప్పుడప్పుడూ నోరు చప్పరిస్తూ కొన్ని సెకన్లు అలా ఉండిపోతాడు, అది ఆటిజం వల్లే అనుకుంటున్నాం. మంగోలియాలో గుర్రం మీద తిప్పి, షమన్లతో (ఆత్మలతో మాట్లాడతారని నమ్మే అక్కడి పూజారులతో) పూజ చేయిస్తే ఇలాంటి పిల్లాడే మారాడని డాక్యుమెంటరీలో చూశాం. జులైకి టికెట్లు చూస్తున్నాం. ఒంట్లో మందులు లేకుండా వెళ్లాలని 12 రోజుల క్రితం సిరప్ ఆపేశాం. తీసుకెళ్లొచ్చా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మంగోలియా గురించి చివర్లో చెబుతాను. ముందు ఆ 12 రోజుల సంగతి. ఇది చదివిన వెంటనే సిరప్ రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే పాత చీటీలు పట్టుకుని దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికి ఈ రోజే వెళ్లండి. డాక్టరుకు చెప్పకుండా మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. పోయిన రోజులకు కలిపి ఎక్కువ పోయడం అసలే వద్దు. ఎంత డోసు అన్నది నేనిక్కడ రాయను. బాబు బరువు, రక్త పరీక్షలు చూడకుండా ఎవరు రాసినా తప్పే.

ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగిన ఫిట్స్ తిరిగి రావచ్చు. ఒకటి ఆగకుండానే ఇంకొకటి వచ్చే ప్రమాదమూ ఉంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోకండి. 'మందు పడుతోంది కాబట్టి ఫిట్స్ లేవు' అన్నదాన్ని 'ఫిట్స్ లేవు కాబట్టి మందు అక్కర్లేదు' అని తిప్పి చదువుకునే తల్లిదండ్రులు నా ఓపీలో వారానికి ఒకరైనా ఉంటారు. మందు ఆపే రోజు మీ బాబుకూ రావచ్చు. అప్పుడు కూడా డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెంగా తగ్గించాలి.

రెండోది, ఆ నోరు చప్పరించడం. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువ. ప్రతి ఫిట్‌లోనూ కాళ్లూ చేతులూ కొట్టుకోవాలని లేదు. ఈసారి అలా ఉండిపోయినప్పుడు పేరు పెట్టి పిలవండి, భుజం తట్టండి. చేతులు ఆడించడం లాంటి ఆటిజం అలవాటైతే చాలాసార్లు మధ్యలో మళ్లించగలం. ఎంత పిలిచినా పలక్కుండా, తర్వాత కాసేపు మత్తుగా ఉంటే అది ఫిట్ కావచ్చు. చూడకుండా నేను తేల్చి చెప్పలేను. ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) అవసరమా అని అడగండి.

పెద్ద ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూసుకోండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలు పెట్టకండి. పోయిన నెల ఒక పాపను తెచ్చారు. అరచేతిలో బీరువా తాళంచెవి పళ్ల అచ్చు ఎర్రగా దిగి ఉంది. ఫిట్ ఎంతసేపు వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

ఇక మంగోలియా. మీరు చూసినట్టున్నది ఉత్తరాన ఖువ్‌స్గుల్ ప్రాంతపు అడవుల్లో రెయిన్‌డీర్లను మేపుకుంటూ తిరిగే దుఖాల గురించి. కొన్ని వందల మందే ఉంటారు. వాళ్ల షమన్లకు డప్పే గుర్రం, దాన్నెక్కి ఆత్మల దగ్గరికి వెళ్లొస్తారని నమ్మకం. 1930లలో కమ్యూనిస్టు ప్రభుత్వం అణచివేసిన ఈ ఆచారం మంగోలియాలో 1990 తర్వాతే మళ్లీ బయటికొచ్చింది. అక్కడ ఒకరి ప్రవర్తన తేడాగా ఉంటే దాన్ని పూర్వీకుల పిలుపుగా చూడటమూ ఉంది. చుట్టాలొస్తే పిల్లాణ్ని లోపలి గదిలో కూర్చోబెట్టే మన ఇళ్ల కన్నా అది నయమేనేమో. వాళ్ల నమ్మకం జోలికి నేను పోను. అయితే డప్పూ పొగా ఆటిజాన్ని నయం చేస్తాయనడానికి ఆధారం లేదు. ఆ డాక్యుమెంటరీలో తండ్రి కూడా ఆటిజం పోయిందని అనలేదు. పైగా ఆ పిల్లాడు గుర్రమెక్కి కుదుటపడటం మంగోలియాకు ముందే, టెక్సస్‌లో పొరుగాయన గుర్రం మీదే మొదలైంది.

గుర్రానికైతే కొంత ఆధారం ఉంది. 2015లో అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ల ఆటిజం పిల్లలు 127 మందితో చేసిన అధ్యయనం వెలువడింది. 10 వారాలు శిక్షకుల దగ్గర స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి, మాటలు కొంత పెరిగాయి. హెల్మెట్ పెట్టి, మనిషి పక్కన నడుస్తూ చేయించే స్వారీ అది. హైదరాబాద్‌లోనూ స్వారీ నేర్పే చోట్లున్నాయి. ఫిట్స్ అదుపులో ఉన్నాయని న్యూరాలజిస్టు రాసిచ్చాకే ఎక్కించండి.

దుఖాల దగ్గరికైతే మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి మురున్, అక్కడి నుంచి జీపులో త్సగాన్‌నూర్, ఆపైన గంటల కొద్దీ గుర్రం మీదే. అక్కడికి 108 రాదు. షమన్ క్రతువులు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి, ఫిట్స్ రావడానికి నిద్ర చెడితే చాలు. జునిపర్ అనే మొక్కతో పొగ వేస్తారు, పిల్లికూతలున్న పిల్లలకు అది పడదు. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, అడవి గోమార్లతో మెదడువాపు వచ్చే ప్రాంతం కూడా.

స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ మాటే రాయలేదు మీరు. అవి నడుస్తున్నాయా, వాటినీ ఆపేశారా? డబ్బు ఇబ్బందయితే చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలకు ప్రత్యేక కేంద్రాలున్నాయి, అడగండి.

టికెట్లు ఇప్పుడే కొనొద్దు. ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఈఈజీ తీయిస్తే రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, గుర్రం సంగతి అప్పుడు చూద్దాం.