కాలువలో బ్లీచింగ్ చల్లితే చెరువు చేపలు చస్తాయా?

మీ వీధి కాలువల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నారు, ఆ నీళ్లు చెరువులోకే పోతాయి, చేపలకు ప్రమాదమా, పట్టిన చేపలు తినొచ్చా అని అడిగారు.

ప్రమాదమే. అయితే ఎంత చల్లారు, చెరువుకు ఎంత దగ్గర్లో చల్లారు, వెంటనే వాన పడిందా అన్నవి చూడాలి. మా బావ చిత్తూరు దగ్గర ఒక ఊరి చెరువును చేపలకు వేలంలో పాడుకున్న ఏడాది, జ్వరాలు వస్తున్నాయని కాలువ పొడవునా పౌడర్ చల్లారు. ఆ రాత్రే గట్టి వాన. తెల్లారేసరికి కాలువ కలిసే మూలలో బొచ్చెలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. అవతలి గట్టు వైపు చేపలకు ఏమీ కాలేదు.

మంచి పౌడర్‌లో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. కుళాయి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన ప్రమాణం. మనల్ని కాపాడే ఆ మోతాదే చాలా చేపల మొప్పలను కాల్చేస్తుంది. అక్వేరియంలో కుళాయి నీళ్లు నేరుగా పోయనిది అందుకే. లెక్క కడితే ఒక్క కిలో పౌడర్ 16 లక్షల లీటర్ల శుభ్రమైన నీటిని ఆ స్థాయికి తేగలదు. మన చెరువుల్లో అంత శుభ్రమైన నీళ్లెక్కడివి లెండి! బురద, నాచు, కుళ్లిన ఆకులు చాలా క్లోరిన్‌ను లాగేసుకుంటాయి, కొంత ఎండకు పోతుంది. చెరువంతా చావకుండా మిగిలేది దానివల్లే. కానీ మురుగులో అమ్మోనియా ఉంటే క్లోరిన్ దానితో కలిసి క్లోరమైన్‌గా మారుతుంది. అది అంత తొందరగా పోదు, చేపలకు అదీ విషమే.

ఇంట్లో బండలు తుడిచే మూతెడు ఫినాయిల్ గురించి టెన్షన్ వద్దు. డబ్బాలకు డబ్బాలు కాలువలో గుమ్మరించే చోట్లే అసలు తంటా.

పంచాయతీ వాళ్లతో గొడవకు దిగకండి, వాళ్ల బాధ వాళ్లది. మబ్బు పట్టిన రోజు చల్లొద్దని, చెరువులో కలిసే చివరి భాగాన్ని వదిలేయమని అడగండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లలో క్లోరిన్‌ను రంగుతో చూపించే చిన్న కిట్, అదే క్లోరోస్కోప్‌తో, కాలువ కలిసే మూల నీళ్లూ చూడమనండి. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టే. రంగు రాలేదని నిశ్చింతగా ఉండలేం, ఆ కిట్ పట్టలేనంత తక్కువ మోతాదు కూడా చేపకు చేటే.

తినడం సంగతంటారా, క్లోరిన్ చేప కండలో పేరుకుపోదు. ప్రాణంతో వలలో పడ్డ చేపకు ఆ భయం అక్కర్లేదు. చచ్చి తేలినవి మాత్రం సగం ధరకు ఇస్తామన్నా కొనకండి, ఎప్పుడు చచ్చాయో, ఎంత కుళ్లాయో తెలియదు.