ముందు పేషెంటు నాడి చూడు

అమ్మాయీ,

నువ్వు పంపిన కథా, దానితోపాటు పెట్టిన ఉత్తరమూ రెండూ చదివాను. ఉత్తరమే బాగుంది. కోపం తెచ్చుకోకు. కథలో, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు మూడు పేజీల పాటు వణుకుతూనే ఉంది. గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి, గొంతు తడారిపోయింది. ఎదురుగా మంచం మీద ఉన్న మనిషి ఎవరో, ఏ ఊరో, ఏం జబ్బుతో వచ్చాడో, ఏ వైపు ఒత్తిగిలి పడుకున్నాడో చివరిదాకా తెలియలేదు. కథంతా నర్సు గుండె కొట్టుకుంటూనే ఉంది గానీ, పేషెంటు నాడి ఒక్కసారైనా ఎవరూ చూడలేదు. నీ కథకు పట్టిన జబ్బూ నీకు పట్టుకున్న భయమూ ఒకటేనని నా అనుమానం. అందుకే రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాను.

"నాలుగేళ్లు చదివాను సిస్టర్, వచ్చే నెల ఒకటిన చేరాలి, తీరా చూస్తే నాకు ఏమీ రాదనిపిస్తోంది" అని రాశావు. బి.ఎస్సీ. పాసై, కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకున్నాక కూడా చాలామందికి అలాగే అనిపిస్తుంది. కాలేజీలో నేర్పిన పద్ధతికీ వార్డులో జరిగే తీరుకూ మధ్య ఉన్న అగాధంలో కొత్త నర్సులు పడిపోతున్నారని మార్లీన్ క్రేమర్ అనే అమెరికన్ నర్సింగ్ అధ్యాపకురాలు 1974లోనే చెప్పింది. దానికి రియాలిటీ షాక్ అని పేరు కూడా పెట్టింది. అంటే ఇది నీ ఒక్కదానికే వచ్చిన రోగం కాదు. అయినా ఆ మాట విని నీ చేతుల వణుకు తగ్గదని నాకు తెలుసు.

"నాకు ఏమీ రాదు" అన్నదాన్ని నిజమో అబద్ధమో తేల్చే పని పెట్టుకోకు. దానికి జవాబు ఉండదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికెళ్లి ఆ మాటే అంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మహా అయితే ఓ టీ తాగిస్తుంది. అదే, "సిస్టర్, ఈ ఇన్సులిన్ వయల్ 40దా 100దా, దీనికి ఏ సిరంజి తియ్యాలి?" అని అడిగావనుకో, నడుస్తూ నడుస్తూనే చెప్పేస్తుంది. పెద్ద భయాన్ని ఎవరినైనా అడగగలిగేంత చిన్న ప్రశ్నలుగా చిదుపు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎలా చిదపాలన్నదే.

ఆ ఇన్సులిన్ సంగతే చూడు. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్సూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 వయల్లోంచి మందుని ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా లాగితే లోపలికి పోయేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. మనిషి షుగరు పడిపోయి తెల్లారేసరికి మగతలోకి జారిపోవచ్చు. ఇది చదవగానే నీకు భయం వేసిందా? ఆ భయం కావాలి. అది చేతిని సిరంజి మూత దాకా తీసుకెళ్లి రంగు చూపిస్తుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చేతిలోకి తీసుకున్నప్పుడు, దీన్ని పల్చన చేయకుండా నేరుగా నరంలోకి తోయకూడదని గుర్తు చేసేదీ అదే. ఏ భయమూ లేని నర్సు పక్కన డ్యూటీ పడితే నేనైతే ఆవిడ ట్రే కూడా ఓసారి చూసుకునేదాన్ని.

అలా దేన్నీ పట్టి చూపించకుండా ఊరికే కడుపులో తిప్పే భయం ఇంకొకటి ఉంది. "నేను పనికొస్తానా?" అనేది. అది ఎప్పుడూ నీ గురించే మాట్లాడుతుంది. దాన్ని కూర్చోబెట్టి సమాధానపరచాలని చూడకు, ఎంతసేపైనా మాట్లాడుతుంది. లేచి వెళ్లి ఒక మనిషి ఊపిరి లెక్కపెట్టు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఏ వార్డులోనైనా టీపీఆర్ చార్టులు, అంటే జ్వరం, నాడి, ఊపిరి రాసే కాగితాలు, తిరగేసి చూడు. చాలా చోట్ల రెస్పిరేషన్ గడిలో వరసగా 20, 20, 20 అని ఉంటుంది. నిద్రపోతున్నవాడికీ 20, జ్వరంతో కాలిపోతున్నవాడికీ 20, దిండుకి ఆనుకుని ఎగశ్వాస తీస్తున్న ముసలమ్మకీ 20. పల్సూ బీపీ సాచురేషనూ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మెషిన్లు చూపిస్తాయి. మామూలు వార్డులో ఊపిరి మాత్రం మనిషే నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టాలి. తీరిక లేక అందాజుగా రాసేస్తారు. పేషెంటు దిగజారేటప్పుడు చాలాసార్లు అందరికంటే ముందు మారేది ఆ అంకే.

చేరిన కొత్తలో నీకెవరూ పెద్ద పనులు అప్పగించరు. వైటల్స్ తియ్యమంటారు, అంటే నాడి, ఊపిరి, బీపీ, జ్వరం చూడమంటారు. అదేదో చిన్న పని అనుకోకు. మణికట్టు మీద వేళ్లు అలాగే ఉంచి, నాడి చూస్తున్నట్టే ఉంటూ, ఛాతీ కదలికలు లెక్కపెట్టు. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి తెలియకుండానే తీరు మార్చేస్తాడు. ఆ నిమిషంలో కళ్లకు చాలా పడతాయి. మెడ దగ్గర కండరాలు లాగుతున్నాయా, పెదవుల రంగెలా ఉంది, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోందా, పొద్దున ఇచ్చిన మాత్ర మింగకుండా దిండు కింద పెట్టిందా. ఆ నిమిషమంతా నీ గుండెదడ సంగతి నీకు గుర్తుండదు. కథ రాసేటప్పుడూ ఇలాంటి నిమిషాలే అక్కరకొస్తాయి, కానీ దాని గురించి తర్వాత చెబుతాను.

కాలేజీలో లాంప్ లైటింగ్ వేడుక రోజున దీపం చేతికిచ్చి, ఆధునిక నర్సింగ్‌కు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రమాణం చేయించి ఉంటారు. ఆవిడ కరుణ గురించి ఉపన్యాసాలు విని ఉంటావు. ఆవిడ లెక్కల మనిషి అని ఎంతమంది చెప్పారు? క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే జబ్బులతోనే ఎక్కువమంది పోతున్నారని అంకెలు వేసి, బొమ్మలు గీసి ప్రభుత్వానికి చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆవిడే. దీపం పట్టుకుని తిరిగింది చీకట్లో జనం కనబడాలనే కదా.

నరం దొరకదేమోనని రాశావు. దొరకదు, కొన్నిసార్లు. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయమను, కంటితో వెతకడం మాని వేలితో తడిమి చూడు. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే మూడోసారి నువ్వు గుచ్చకు, ఇంకొకరిని పిలువు. పిలిస్తే నామోషీ అనుకోకు. నొప్పి భరించేది నువ్వు కాదు.

సీనియర్లు కసురుతారేమోనన్నావు. కొందరు కసురుతారు. అందులో సగం నీ మీద కాదు, ముగ్గురు చెయ్యాల్సిన పని ఒక్కరు చేస్తున్న విసుగు. అలాగని అన్నీ పడి ఉండమనడం లేదు. పేషెంట్ల ముందు అవమానించేవాళ్లూ, పేరు పెట్టి ఏడిపించేవాళ్లూ తగిలితే తేదీ వేసి రాసి పెట్టుకో, పైవాళ్లకు చెప్పు. "మా రోజుల్లో మేం పడలేదా" అనే పెద్దల మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అర్ధరాత్రి డ్యూటీ డాక్టరును లేపడమనే భయానికి మాత్రం కాస్త ఎక్కువ సేపు ఆగాలి, దీనివల్లే ప్రాణాల మీదికొస్తుంది. "చిన్నదానికే లేపావా" అంటారేమోనని కొత్తపిల్లలు తెల్లారేదాకా ఆగుతారు. ఫోన్ చేసి కూడా, "సర్, పేషెంటు ఎలాగో ఉంది సర్, ఒకసారి వస్తారా" అంటారు. అవతలి మనిషి నిద్రమత్తులో "చూస్తూ ఉండు" అని పెట్టేస్తాడు. ఆయన తప్పు కొంత ఉంది. చెప్పిన తీరులోనూ ఉంది. అదే ఇలా చెప్పి చూడు: "సర్, ఫిమేల్ మెడికల్ నుంచి స్టాఫ్ నర్సుని. ఆరో బెడ్, నిన్న నిమోనియాతో చేరిన ఆవిడ. పదింటికి రెస్పిరేషన్ 22, ఇప్పుడు 32. సాచురేషన్ 96 నుంచి 89కి పడింది. తలవైపు ఎత్తు చేసి కూర్చోబెట్టాను. ఊపిరి ఆడటం కష్టమవుతోందనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఇప్పుడేమైంది, ముందేముంది, నేనేమనుకుంటున్నాను, మీరేం చెయ్యాలి. ఈ వరసకే, ఆ నాలుగింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో, ఎస్‌బీఏఆర్ అని పేరు. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల వాళ్ల దగ్గర పుట్టి ఆసుపత్రులకొచ్చిన పద్ధతి. ఫోన్ తియ్యకముందే చిన్న చీటీ మీద నాలుగు లైన్లూ రాసుకో. ఆయన ఫోన్లోనే మందు చెబితే పేరూ డోసూ తిరిగి ఆయనకే చదివి వినిపించు. ఆయన వచ్చాక కేస్‌షీట్‌లో సంతకం పెట్టించుకో. ఆయన కసిరినా సరే, ఫోన్ చేసిన టైము రాసి పెట్టు.

తెలుగు మీడియం నుంచి వచ్చాను, హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పజెప్పడం) ఇంగ్లీషులో ఇవ్వాలంటే నోరు రాదన్నావు. వార్డు ఇంగ్లీషు చాలా చిన్నది. అవే మాటలు పూటపూటా తిరిగి వస్తుంటాయి, వింటుంటే పట్టుబడిపోతుంది. నీ దగ్గరున్నదాని విలువ నీకింకా తెలియదు. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగితే, "నొప్పేం లేదయ్యా, బండరాయి పెట్టినట్టు బరువుగా ఉంది" అంటాడు పల్లెటూరి రైతు. నొప్పి లేదన్నంత వరకే వినేవాళ్లు ఉంటారు. బరువు దాకా విన్నవాళ్లు ఈసీజీ తీయిస్తారు. గుండెపోటు చాలామందికి అలాగే వస్తుంది.

పెళ్లి సంబంధాలు రావని మీ పెద్దత్త అన్నదాని గురించి నా దగ్గర మందేమీ లేదు. 2020 మార్చిలో బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టిన ఈ దేశంలోనే, ఆ రోజుల్లోనే, నర్సుల్ని అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్న ఇంటివాళ్లూ ఉన్నారు. లోకం మెప్పు మీద ఆశ పెట్టుకుని ఈ పనిలోకి రాకు. జీతం నీ ఖాతాలో పడుతుంది, అది చాలా పెద్ద సంగతి.

ఇక చావు. నువ్వు ఉత్తరంలో దాని చుట్టూ తిరిగావు గానీ ఆ మాట రాయలేదు. నీ డ్యూటీలో ఒక మనిషి పోతాడు. ఎంత బాగా చేసినా పోతాడు. పోయారని చెప్పాల్సింది డాక్టరు. ఆ తర్వాత పని నీదే. కళ్లు మూయాలి, గొట్టాలు తియ్యాలి (పోలీసు కేసయితే తియ్యకూడదు, అడుగు), ఒళ్లు బిగుసుకోకముందే కాళ్లూ చేతులూ సరిచెయ్యాలి, ఒళ్లు తుడవాలి. బతికున్న మనిషికి చేసినట్టే, తెర లాగి, పేరు పెట్టి పిలుస్తూ చెయ్యి. బయట ఉన్నవాళ్లతో "ఊరుకోండి, ఏడవకండి" అనకు. అంతకుముందు రోజు "ఏం కాదులెండి" అని కూడా అనకు, ఆ మాట చెప్పే హక్కు మనకు లేదు. "నేను ఇక్కడే ఉన్నాను, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పండి" అను. ఆ రాత్రి ఇంటికెళ్లి ఏడుపొస్తే ఏడువు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీ టైముకి కాళ్లు కదలకపోయినా అది ఓర్చుకోవాల్సిన సంగతి కాదు, చూపించుకోవాల్సిన సంగతి. మనకు తెలిసిన డాక్టర్లే కదా అని సిగ్గుపడి దాచుకునేవాళ్లు మనలోనే ఎక్కువ.

కథ దగ్గరికొస్తాను. నర్సెస్ నోట్స్‌లో "పేషెంట్ కంఫర్టబుల్" అని రాసి సంతకం పెట్టేయడం ఒక అలవాటు. కథల్లో "గుండె బరువెక్కింది" అని రాసేయడం దానికి అక్క. రెండూ మంచం దగ్గరికి వెళ్లకుండానే రాయొచ్చు. ఆరో బెడ్ ఆవిడ గురించి పైన రాసిన ఫోన్ మాటలు మళ్లీ చదువు. వాటిలో భయం అన్న మాటే లేదు, అయినా నీకు కాస్త కంగారు పుట్టి ఉండాలి. అలా రాయి. మొదటి ఏడాది కథలే రాయకపోయినా ఫర్వాలేదు. రోజుకో నాలుగు లైన్లు, చూసింది చూసినట్టు, నీ మనసులో ఏమైందన్నది వదిలేసి రాసి పెట్టుకో.

పేర్లు మాత్రం వద్దు. పేరు మారిస్తే చాలనుకుంటారు, చాలదు. ఊరూ, పనీ, జబ్బూ మూడూ కలిస్తే మండలంలో ఎవరైనా గుర్తుపడతారు. హెచ్‌ఐవీ ఉందన్న సంగతి ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం కూడా చెబుతోంది. వార్డులో ఫొటోలు, స్టేటస్‌లు అసలే వద్దు. ఒక మనిషి గురించి రాయాలని చెయ్యి దురదపెడితే కొన్నేళ్లు ఆగు. ఆగితే కథ పాడవదు. చాలాసార్లు బాగుపడుతుంది.

ఒక పని ఈ వారమే చెయ్యి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూడు. మూడోది మొదటిదానికి ఆరు నెలల తర్వాత, అందుకే చాలామంది మర్చిపోతారు. సూది గుచ్చుకుంటే పిండకు, నోట్లో పెట్టుకోకు, సబ్బూ నీళ్లతో కడిగి ఆ నిమిషమే ఇన్‌ఛార్జ్‌కి చెప్పు. హెచ్‌ఐవీకి వాడే ముందుజాగ్రత్త మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచిపెట్టే పిల్లలు ఉన్నారు, నువ్వు వాళ్లలో చేరకు.

కథను తిరిగి పంపుతున్నాను. మార్జిన్లో ఎర్ర సిరాతో గీసినవన్నీ నర్సు వణికిన చోట్లు. వాటిని కొట్టేసి, మంచం మీద ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టి మళ్లీ రాయి. చేరాక రెండు మూడు నెలలు గడిచాకే పంపు, తొందర లేదు. నన్ను మేడమ్ అనకు. సిస్టర్ అన్నావు చూడు, అదే బాగుంది.

ఉంటాను,
నీ సిస్టర్