మైలో దూడా, నీ డెడ్‌లిఫ్టూ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. మైలో అనే గ్రీకు మల్లుడు రోజూ ఒక దూడను భుజాన వేసుకుని నడిచాడని, అది ఎద్దయ్యేసరికి ఆయనా ఎద్దును మోసేంత బలవంతుడయ్యాడని మీ జిమ్ ట్రైనర్ చెప్పాడట. అది నిజమేనా అని అడిగావు. నువ్విప్పుడు అరవై కిలోల డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్‌ను నిలబడి తొడల దాకా ఎత్తడం, చేస్తున్నావు కదా, వారానికి పది కిలోలు పెంచుకుంటూ పోతే నెలన్నరలోపే వంద దాటొచ్చా అని కూడా అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మైలో నిజంగా బతికిన మనిషే. దక్షిణ ఇటలీలో గ్రీకులు వలస వచ్చి కట్టుకున్న క్రోటన్ ఆయన ఊరు. క్రీ.పూ. 540లో ఒలింపియాలో బాలుర కుస్తీ గెలిచాడు. తర్వాత 532 నుంచి 516 దాకా వరసగా ఐదు ఒలింపిక్స్‌లో పెద్దల కుస్తీ ఆయనదే. ఇవి కాక డెల్ఫీ పోటీల్లో ఏడు, ఇస్త్మియాలో పది, నెమియాలో తొమ్మిది విజయాలు. అప్పట్లో బరువును బట్టి విభాగాలు లేవు, ఎంత లావు వాడొచ్చినా ఎదుర్కోవాల్సిందే. మూడుసార్లు పడగొడితేనే గెలిచినట్టు. బాలుడిగా గెలిచిన నాటి నుంచి లెక్కేస్తే ఇరవై నాలుగేళ్లు పైనే నిలబడ్డాడన్నమాట. ఎద్దు సంగతి మరిచిపోయినా పర్లేదు, ఈ ఇరవై నాలుగేళ్లు మాత్రం గుర్తుపెట్టుకో.

దూడ కథను ఉన్నదున్నట్టు నమ్మకు. క్వింటిలియన్ అనే రోమన్ పండితుడు దాన్ని ఒక్క మాటలో ప్రస్తావించాడు, అదీ మైలో కాలానికి ఆరువందల ఏళ్ల తర్వాత. లెక్క కూడా కుదరదు. పుట్టిన దూడ ఇరవై అయిదు, ముప్ఫై కిలోలుంటుంది. రోజుకు అరకిలో చొప్పున పెరిగినా ఏడాది తిరిగేసరికి రెండు వందల కిలోలు దాటుతుంది. మనిషి ఒంట్లో బలం ఆ లెక్కన పెరగదు. నీకు జ్వరమొచ్చినా, నిద్ర చాలకపోయినా, పరీక్షల టెన్షన్ ఉన్నా దూడ పెరుగుతూనే ఉంటుంది. రాడ్ మీద ప్లేట్లయితే నువ్వు ఎక్కిస్తేనే ఎక్కుతాయి. వారానికి పది కిలోలంటే ఆ దూడను మోసినట్టే.

కానీ కథ లోపలి సూత్రం గట్టిది. నిన్నటికంటే కొంచెం ఎక్కువ బరువు, ఒంటికి అలవాటయ్యాక ఇంకొంచెం. 1902లో ఫిలడెల్ఫియాలో ఆలన్ కాల్వర్ట్ బరువు మార్చుకునే బార్‌బెల్స్ తయారుచేసే కంపెనీ పెట్టి, దానికి మైలో పేరే పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే డాక్టర్ మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు బరువులతో వ్యాయామం చేయించాడు. అలాంటివాళ్లతో బరువులెత్తిస్తారా అనే కాలం అది. ఆయన దారే ఇవాళ్టి ఫిజియోథెరపీకీ నీ జిమ్‌కీ పునాది. ఆయన పద్ధతి నీకూ పనికొస్తుంది: పదిసార్లు ఎత్తగలిగే బరువు ఎంతో చూసుకుని, ముందు అందులో సగంతో పదిసార్లు, తర్వాత ముప్పాతికతో పది, చివర పూర్తి బరువుతో పది. కొత్తలో అంతకంటే అక్కర్లేదు.

నీ డెడ్‌లిఫ్ట్‌కి వద్దాం. జిమ్‌లో ఓ మూల ఎవరూ ముట్టుకోని చిన్న ప్లేట్లుంటాయి చూడు, కిలోంపావువి. అవి తీసుకో. అటొకటి ఇటొకటి వేస్తే రెండున్నర కిలోలు. వారానికి అంతే పెంచు. మూడు వారాలు పెంచాక నాలుగో వారం బరువు బాగా తగ్గించి చెయ్యి. ఆ వారం ఖాళీగా ఉన్నట్టనిపిస్తుంది, అయినా మానకు. వందకు చేరడానికి ఐదు నెలలు దాటుతుంది. దాటనీ. ప్రతి సెట్‌నీ, అంటే ఆపకుండా ఎత్తిన ప్రతి విడతనీ, నోట్‌బుక్‌లో రాయి: తేదీ, బరువు, ఎన్నిసార్లు, చివరిసారి ఎలా లేచింది. చివరిది ఎలా లేచిందన్నదే అసలు సంగతి. నడుం గుండ్రంగా వంగినా, రాడ్ కాళ్లకు దూరం జరిగినా, మోకాళ్ల దగ్గర ఆగి కుదుపుతో లేచినా వచ్చే వారం బరువు పెంచకు, అదే బరువు మళ్లీ చెయ్యి.

మైలో మీద చెప్పుకునే కథల్లో నాకు అన్నిటికంటే నచ్చింది దానిమ్మ పండు కథ. ఆయన పండును గుప్పిట్లో పట్టుకుంటే ఎవరూ లాక్కోలేకపోయేవారట, పండు మాత్రం నలిగేది కాదట. గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడిది. నుదుటికి తాడు కట్టుకుని ఊపిరి బిగించి, ఉబ్బిన నరాలతో దాన్ని తెంపేవాడని కూడా రాశాడు. అది చదివితే మనకు గొలుసులు తెంపిన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గుర్తొస్తాడు. అయినా తాడు తెంచడం కంటే పండు నలగకుండా పట్టుకోవడమే గొప్ప అంటాను నేను. నువ్వూ అలా చేసి చూడు. రాడ్‌ను పైకెత్తాక ధడేల్మని వదిలెయ్యకుండా, చప్పుడు కాకుండా నేలకు ఆనించు. చప్పుడు చెయ్యకుండా దించలేని బరువు ఇంకా నీ చేతికి రానట్టే.

తిండి గురించి మీ అమ్మ కంగారుపడుతోంది. మైలో రోజుకు అన్ని కిలోల మాంసం తిన్నాడని, నాలుగేళ్ల ఎద్దును మోసి ఒక్కరోజులో తినేశాడని పాతకాలం వాళ్లు రాసినవి పక్కన పెట్టు. గుడ్లు, పప్పు, పెరుగు, వారంలో రెండుమూడుసార్లు చేపో చికెనో, ఏడెనిమిది గంటల నిద్ర. డబ్బాల పౌడర్ల సంగతి తర్వాత చూద్దాం. డబ్బా అంటే గుర్తొచ్చింది, మెల్‌బోర్న్‌లో మీ అక్క పిల్లలకు కలిపిస్తున్న మైలోకీ ఈయన పేరే. 1934లో ఆస్ట్రేలియాలోనే పుట్టింది ఆ పానీయం.

ఇంకో రెండు కథలున్నాయి, వాటిని కూడా కాస్త పట్టించుకో. ఏడోసారి ఒలింపియా వెళ్లినప్పుడు మైలోకి ఎదురుపడింది సొంత ఊరి కుర్రాడే, తిమసితియస్. అతను ఆయన పట్టుకు అందకుండా దూరదూరంగానే తిరిగాడు, మైలోకి గెలుపు దక్కలేదు. కాబట్టి చేతులూ నడుమూ చూసుకుని కాళ్లనూ ఊపిరినీ వదిలెయ్యకు. వారంలో రెండు రోజులు ఆయాసం వచ్చేలా నడువు, మెట్లెక్కు. రెండోది ఆయన చావు. అడవిలో చీల్చడానికి మధ్యలో లావుపాటి మేకులు దిగ్గొట్టి వదిలేసిన దుంగ కనిపిస్తే చేతులతో చీలుద్దామనుకున్నాడట. మేకులు జారిపోయి, చీలిక మూసుకుని చేతులు ఇరుక్కున్నాయి, రాత్రి తోడేళ్లు వచ్చాయి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ప్యూజే చెక్కిన పాలరాతి శిల్పంలో తోడేళ్లకు బదులు సింహం ఉంటుంది. ఆయన నోరు తెరిచి అరుస్తున్నాడు, చెయ్యి మొద్దులోంచి రావడం లేదు. ఆ ఫొటో చూడు. జిమ్‌లో ఒక్కడివే ఉన్నప్పుడు, పక్కన పట్టుకునేవాడు లేనప్పుడు బెంచ్ ప్రెస్‌లో, అంటే బల్ల మీద పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టేటప్పుడు, కొత్త బరువు ఎక్కించకు. రీల్ కోసం అస్సలు వద్దు.

ముసలితనంలో మైలో మైదానంలో కుర్రాళ్ల సాధన చూస్తూ, తన చేతుల వంక చూసుకుని "ఇవి చచ్చిపోయాయి" అని ఏడ్చాడని రోమన్ రచయిత సిసెరో రాశాడు. రాసి, ఆయన్ని తప్పుబట్టాడు కూడా. నాకు ఆ కన్నీళ్లలో తప్పేమీ కనిపించదురా. జీవితమంతా ఒంటిని నమ్ముకున్నవాడికి అంత బాధ ఉంటుంది. నేనిప్పటికీ పొద్దున్నే ఖాళీ రాడ్‌తో గుంజీలు తీస్తాను, చెయ్యి ఆనించకుండా నేల మీంచి లేస్తాను, ఎవరూ చూడకపోయినా సంతోషంగా ఉంటుంది. నీకు ఇరవై రెండేళ్లు. నా వయసులో నువ్వూ అలా లేవాలి, వంద కిలోలకంటే నాకు అదే ముఖ్యం.

సోమవారం నుంచి నోట్‌బుక్ మొదలుపెట్టు. మొదటి వారం అరవైతోనే, పెంచకు. ఆదివారం ఆ పేజీ ఫొటో తీసి పంపు. వీడియో పక్కనుంచి తీయించు, ఎదురుగా తీస్తే నీ నడుం కనిపించదు. నొప్పి కాల్లోకి పాకితే మాత్రం ట్రైనర్‌ను కాదు, డాక్టర్‌ను అడుగు.

అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య