ఆ పోస్టుకార్డును చింపకండి

టెక్సాస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఒక అబ్బాయి ఇలా అడిగాడు: "క్రెడిట్ కార్డు కంపెనీ మీద ఎవరో వేసిన దావాలో నేనూ ఉన్నానంటూ పోస్టులో ఒక కార్డు వచ్చింది. నేను ఎవరి మీదా కేసు వేయలేదు. హెచ్1బీ మీద ఉన్నాను. కోర్టు వ్యవహారంలో పేరు కనిపిస్తే వీసాకు ఇబ్బందా? గదిలో వాళ్లు చింపి పారేయమంటున్నారు."

చింపకండి బాబూ. కోర్టు గుమ్మం తొక్కకూడదని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడి సామూహిక దావా (క్లాస్ యాక్షన్) పద్ధతి వేరు. ఒకే రకంగా నష్టపోయిన లక్షల మంది తరఫున ఒకరిద్దరు దావా వేస్తారు. ఆ నష్టానికి కోర్టు చెప్పిన నిర్వచనంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ, అడిగినా అడగకపోయినా, అందులో సభ్యులే. మీరు ఏ వీసా మీద ఉన్నారన్నది మామూలుగా ఆ నిర్వచనంలో ఉండదు. ఆ కార్డు వాడారా, ఫలానా తేదీల మధ్య ఆ రుసుము కట్టారా అన్నదే ముఖ్యం. మీ డబ్బు మీరు తిరిగి అడగడం వీసా ఒప్పుకోని ఉద్యోగం చేయడం కిందకు రాదు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఊరుకున్నా మీరు ఒక నిర్ణయం తీసుకున్నట్టే. నా వాటా ఇవ్వండి అని గడువులోగా క్లెయిం వేయకపోతే సాధారణంగా డబ్బు రాదు. అయినా సభ్యులుగానే మిగులుతారు కాబట్టి, కంపెనీతో రాజీ కుదిరి ఖరారైతే అదే విషయం మీద ఆ కంపెనీని విడిగా నిలదీసే హక్కు కూడా పోతుంది. ఆ హక్కు కావాలంటే, నన్ను ఇందులోంచి తప్పించండి అని దానికి పెట్టిన గడువులోపల రాసి పంపాలి. రాజీ అన్యాయంగా ఉందనిపిస్తే న్యాయమూర్తికి అభ్యంతరం కూడా తెలపవచ్చు.

నేను ఈ సంగతి నేర్చుకున్నది మా చెల్లెలి పెళ్లి ఖర్చుల వల్ల. 2003లో ఇండియా వెళ్లి పట్టుచీరల దగ్గర నుంచి ఫలహారాల దాకా అమెరికా కార్డు మీదే కొన్నాం. తిరిగి వచ్చాక స్టేట్‌మెంట్‌లోని రూపాయల లెక్క ఎంత చూసినా సరిపోలేదు. కరెన్సీ మార్చినందుకు పడిన రుసుము డాలర్ల మొత్తంలోనే కలిసిపోయి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే వీసా, మాస్టర్‌కార్డ్, డైనర్స్ క్లబ్ అనే కార్డు కంపెనీల మీద, కొన్ని పెద్ద బ్యాంకుల మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా నడుస్తోంది. ఆ రుసుమును కూడబలుక్కుని నిర్ణయించారని, ఖాతాదారులకు సరిగా చెప్పలేదని ఆరోపణ. వాళ్లు తప్పు ఒప్పుకోలేదు కానీ 33.6 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. 1996 ఫిబ్రవరి నుంచి 2006 నవంబరు దాకా విదేశాల్లో కార్డు వాడినవారంతా అర్హులు. అంటే ఆ పదేళ్లలో సెలవులకు ఇంటికి వెళ్లి కార్డు గీసిన తెలుగువాళ్లంతా!

అందులో మూడు దారులు పెట్టారు. లెక్కలేమీ చూపకుండా 25 డాలర్లు కోరడం ఒకటి. విదేశాల్లో గడిపిన రోజులను బట్టి అడగడం రెండోది. ఏ ఏడాది ఎంత ఖర్చు చేశారో చెప్పి అడగడం మూడోది. మా ఆయన, నేను పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని ముద్రలు చూస్తూ రోజులు లెక్కపెట్టాం. గడువు 2008 మే 30. చెక్కు చేతికి రావడానికి ఆ తర్వాత మూడేళ్లు దాటింది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా అది మా డబ్బు, మాకు తిరిగి వచ్చింది. అందుకే ఇప్పటికీ స్టేట్‌మెంట్లు ఏడాదివారీగా దాచుకుంటాను. మీరూ దాచుకోండి.

ఎంత వస్తుందన్న ఆశకు మాత్రం హద్దు ఉండాలి. 2017లో జనం అప్పుల చరిత్ర నమోదు చేసే ఈక్విఫాక్స్ కంపెనీ నుంచి 14.7 కోట్ల మంది వివరాలు బయటపడ్డాక జరిగిన రాజీలో 125 డాలర్లు వస్తాయని ఊరంతా క్లెయింలు వేశారు. ఆ రకం చెల్లింపులకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే. అంత రాదని, దాని బదులు ఉచిత క్రెడిట్ పర్యవేక్షణ, అంటే మన పేరు మీద ఎవరైనా అప్పు తీసుకుంటున్నారేమో కనిపెట్టే సేవ, తీసుకోవడం మేలని వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషనే చెప్పాల్సి వచ్చింది.

అలాగని అర్హత లేని చోట వేలు పెట్టవద్దు. గదిలో నలుగురూ క్లెయిం వేశారని మీరూ వేయకండి. ఫారం చివర సంతకం చేసేది ఇదంతా నిజమని, అబద్ధమైతే శిక్షకు బాధ్యుడినని ప్రమాణం చేస్తూ. వీసా మీద ఉన్నవాళ్లు భయపడవలసింది కోర్టుకు కాదు, అబద్ధపు సంతకానికి.

మోసగాళ్ల కార్డు కూడా అచ్చం ఇలాగే ఉండవచ్చు. కోర్టు పేరు, కేసు నంబరు దాని మీద ఉన్నాయో లేదో చూడండి. ఆ కేసు గురించి మీరే విడిగా వెతికి సరిచూసుకోండి. ఫోనులో వచ్చిన లింకును నొక్కకండి. క్లెయిం వేయడానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు, బ్యాంకు పాస్‌వర్డు ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2004 నుంచి 2019 జనవరి దాకా వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులతో చెల్లింపులు తీసుకున్న వ్యాపారులకు 554 కోట్ల డాలర్ల రాజీ వచ్చినప్పుడు, క్లెయిం మేమే వేసిపెడతాం, వాటా ఇవ్వండి అంటూ పెట్రోలు బంకులు, మోటళ్లు నడిపే మనవాళ్ల చుట్టూ కూడా ఏజెంట్లు తిరిగారు. ఆ ఫారం ఎవరికి వారు ఉచితంగా నింపుకోగలిగేదే.

మీవంటి కుర్రవాళ్లు ఏడాదికో అద్దె ఇల్లు మారతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. పోస్టాఫీసు ఉత్తరాలను కొత్త చిరునామాకు పంపేది సాధారణంగా ఒక ఏడాదే. చెక్కు రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు. క్లెయిం నిర్వాహకులకు కొత్త చిరునామా మీరే తెలియజేయాలి. ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే, ఫారంలో అవకాశం ఉన్నచోట చెక్కుకు బదులు నేరుగా ఖాతాలో జమ అయ్యే పద్ధతిని ఎంచుకోండి. చెక్కే వస్తే దాని మీద చెల్లుబాటు గడువు అచ్చు వేసి ఉంటుంది, చాలాసార్లు అది తొంభై రోజులే.

ఈ రాత్రికి ఆ కార్డు మళ్లీ తీసి, క్లెయిం గడువు ఏ తేదీయో చూసి క్యాలెండరులో రాసుకోండి.