ముందు ఆ వరండా సంగతి చూడండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో బాప్టిస్టు సంఘం. మా మామగారు ఇరవై ఏళ్లుగా ట్రెజరర్. ఇప్పుడున్న పాస్టర్ గారు మూడేళ్ల క్రితం వచ్చారు. అంతకుముందు పనిచేసిన చోట బిల్డింగ్ ఫండ్ తిన్నారని నింద వేసి, క్వార్టర్స్‌కి తాళం వేసి, పిల్లలు చూస్తుండగా సామాన్లు రోడ్డు మీద పెట్టారట. తర్వాత లెక్కలు తీస్తే రూపాయి తేడా రాలేదు గానీ, తప్పయిందని ఒక్కరూ అనలేదట. ఆ గాయం ఈయన్ని వదల్లేదు. ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి యేసును అమ్మేసిన యూదా దగ్గరికే వస్తారు. ఇద్దరు పెద్దలు పక్కకు వెళ్లి మాట్లాడుకుంటే ముఖం మాడిపోతుంది. కానుక లెక్క మీద ముగ్గురి సంతకాలు ఉండాలంటారు, మా మామగారికి అది అవమానంగా ఉంది. ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకోరు. ఒకటో తారీఖున జీతం కవరు కోసం మా ఇంటికి వచ్చినప్పుడు, మామగారి టిఫిన్ అయ్యేదాకా వరండాలో కూర్చుంటారే తప్ప నేనిచ్చిన కాఫీ ముట్టుకోరు. రాత్రిళ్లు నిద్రపోరని, లేచి లేచి గేటు తాళం చూసుకుంటారని పాస్టరమ్మ గారు చెప్పారు. పోయిన నెల, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం నాడు ‘మీలో నన్ను అమ్మేసినవాళ్లున్నారు’ అన్నారు. జనరల్ బాడీ పెట్టి ఆయన్ని పంపించేయాలని మామగారు సంతకాలు చేయిస్తున్నారు. అభిషిక్తుణ్ణి ముట్టకూడదని అత్తయ్య ఒకటే ఏడుపు. నేను సంతకం పెడితే పాపమా? ఇలా పాత గాయాలు మోస్తున్న కాపరితో సంఘం ఎలా నడుచుకోవాలి?

జవాబు:

పాపమా కాదా అన్నది పక్కన పెట్టండమ్మా. బాప్టిస్టు సంఘంలో కాపరిని పిలుచుకునేదీ సంఘమే, పంపించేదీ సంఘమే. సంతకం పెట్టినంత మాత్రాన ఆకాశం విరిగి మీద పడదు. మీ అత్తగారు చెప్పే అభిషిక్తుల మాట బైబిల్లో 105వ కీర్తనలోది. ఊరు కాని ఊళ్లలో తిరుగుతున్న అబ్రాహాము కుటుంబం జోలికి రాజులు రాకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. పాస్టర్‌ని ఎవరూ ఏమీ అడగకూడదని చెప్పడానికి దాన్ని వాడటం మన దగ్గర అలవాటైపోయింది. ఆవిడ బాధ నిజమే, వాక్యం మాత్రం ఇక్కడ అతకదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఇంకో చోట. ఆయన కాఫీ తాగరని మీరు నొచ్చుకున్నారు. దాని పక్కనే, ఆయన మీ వరండాలో కూర్చుంటారని, మామగారి టిఫిన్ అయ్యాక కవరు అందుకుంటారని మామూలు విషయంలా రాసేశారు. మూడేళ్లుగా నెలనెలా జరుగుతోంది కాబట్టి మీ ఇంట్లో ఎవరికీ అందులో వింత కనిపించడం లేదు. నాకు కనిపించింది. పెళ్లాం పిల్లలున్న మనిషి, ఆదివారం మీ అందరి తలల మీద చేతులుంచి ప్రార్థన చేసే మనిషి, ఒకటో తారీఖు పొద్దున ఇంకొకరి ఇంటి ముందు ఇడ్లీ ప్లేటు ఖాళీ అయ్యేదాకా కుర్చీలో కూర్చుంటున్నాడు. వచ్చే పోయే వాళ్లు చూస్తుంటారు. పాలవాడు చూస్తాడు. లోపలి నుంచి మీ మామగారు ‘వస్తున్నానండీ, కూర్చోండి’ అంటారేమో, అది కూడా లేదేమో, మీరు రాయలేదు. ఆ కుర్చీలో కూర్చుని తాగే కాఫీ ఎవరికి మాత్రం గొంతు దిగుతుంది?

నేను దీన్ని పాత గాయం అనలేకపోతున్నాను. పాతది అక్కడెక్కడో జరిగింది. మీ ఊళ్లో నెలకోసారి దాన్ని కెలుకుతున్నారు, అదీ మీ ఇంట్లోనే. మీరందరూ పాస్టర్ గారికీ సంఘానికీ మధ్య తగాదా అనుకుంటున్నారు. నాకైతే ఇది పాస్టర్ గారికీ మీ మామగారికీ మధ్య ఉన్న వ్యవహారం. సంఘం మొత్తాన్ని అందులోకి లాగుతున్నారు.

మామగారు చెడ్డవారని అనడం లేదు. ఇరవై ఏళ్లు సంఘం డబ్బు చూసిన మనిషి. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఉంటారు, తక్కువ పడ్డ నెలల్లో తన జేబులోంచి వేసి ఉంటారు. అలాంటివాళ్లు లేకపోతే మన సంఘాలు ఒక్క ఏడాది నడవవు. కానీ అన్నేళ్లు పెట్టె తాళం చేతిలో ఉంటే, అందులోంచి ఇచ్చే జీతం తాము పెడుతున్న ధర్మంలా అనిపించడం మొదలవుతుంది. ధర్మం పుచ్చుకునేవాడు అణిగి ఉండాలి కదా, ముగ్గురి సంతకాలు అడిగితే మండుతుంది. జీతం కష్టార్జితమమ్మా. పనివాడు తన జీతానికి పాత్రుడని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసింది సంఘ పెద్దల గురించే.

ఆ ముగ్గురి సంతకాల సంగతి కూడా చెప్పుకుందాం. మీరు దాన్ని అనుమానం ఖాతాలో వేశారు. డబ్బు తిన్నాడని ఒకసారి అనిపించుకుని రోడ్డున పడ్డవాడు ఇంకేం అడగాలి? ముగ్గురు లెక్కపెట్టి ముగ్గురూ సంతకం చేస్తే రేపు ఎవరి మీదా నింద రాదు, మీ మామగారి మీద కూడా. దెబ్బతిన్నవాడు చెప్పాడు కాబట్టి ఆ మాట తప్పైపోదు. ఆయన అడిగిన వాటిలో అన్నిటికన్నా తెలివైనది అదే. కమిటీలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి. ఆయన వెళ్లిపోయినా ఆ పద్ధతి ఉండాలి.

ఇప్పుడు ఆయన వైపు తప్పులు. ఉన్నాయి, దాచక్కర్లేదు. ప్రభువు బల్ల దగ్గర ఆ మాట అనకూడదు. అక్కడ ఎదురు మాట్లాడే వీలు ఎవరికీ ఉండదు. రొట్టె చేతిలో పట్టుకున్న ముసలమ్మ ‘నన్నేనా’ అనుకుంటూ తినాలా? తన బాధ చెప్పుకునే హక్కు ఆయనకుంది, పుల్పిట్ మీద నుంచి చెప్పుకునే హక్కు లేదు. పౌలుకీ దెబ్బలు తగిలాయి. కంచరి అలెక్సంద్రు తనకు చాలా కీడు చేశాడని పేరు పెట్టి మరీ రాశాడు, విచారణ నాడు ఒక్కడూ తన పక్షాన నిలబడలేదని రాశాడు. ఆ మాటలు రాసుకోవడానికి ఆయనకు తిమోతి ఉన్నాడు. అదే అధ్యాయంలో, త్రోయలో కర్పు ఇంట్లో వదిలి వచ్చిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే వచ్చెయ్యమన్నాడు. దెబ్బతిన్న సేవకుడు అడిగినవి అవీ. మీ పాస్టర్ గారికి తిమోతి ఎవరు? మీ అందరి గుట్లూ ఆయన చెవిలో వేస్తారు. ఆయన గుట్టు వేసుకోవడానికి ఎవరూ లేక, ఆదివారం ఆదివారం యూదా మీద వేస్తున్నారు.

సంఘంలోనే ఒకరు ఆయనకు స్నేహితుడైపోవాలని నేను చెప్పను. జీతమిచ్చేవాళ్లతో మనసు విప్పడం కష్టం, ఒకసారి కాలినవాడికి మరీ కష్టం. రామాయపట్నం సెమినరీలో కలిసి చదువుకున్నవాళ్లో, పక్క జిల్లాలో రిటైరైన పాస్టర్ ఎవరో, ఆయన ఎంచుకున్న మనిషి దగ్గరికి నెలకో రెండు నెలలకో ఒకసారి రెండు రోజులు వెళ్లి రావడానికి సెలవివ్వండి. బస్సు ఛార్జీ సంఘం పెట్టుకోవాలి. ఆ ఆదివారం వాక్యం ఎవరు చెబుతారని అడక్కండి. మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పాలా? 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందని ఏటా వేదికల మీద చెప్పుకుంటాం. అప్పటి అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు స్వయంగా ఇచ్చిన బాప్తిస్మాలు కావవి. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. ఆ ఇద్దరూ అలసిపోతే గట్టెక్కి, ఇంకో ఇద్దరు దిగేవారు. 2,222 గుర్తుంది మనకి, ఆ ఇద్దరిద్దరు గట్టెక్కడం గుర్తు లేదు. మీ సంఘంలో టీచర్లుంటారు, సండే స్కూల్ నడిపేవాళ్లుంటారు. నెలకో ఆదివారం వాళ్లు చెబుతారు.

నిద్ర సంగతి వేరు. తాళం వేసి బయటికి నెట్టించుకున్న మనిషి రాత్రి రెండింటికి లేచి తాళం చూసుకుంటున్నాడంటే దాన్ని విశ్వాసం తక్కువ కిందో, ప్రార్థన చాలకపోవడం కిందో జమకట్టకండి. గుండె నొప్పొస్తే కాట్పాడిలో రైలు దిగి వెల్లూరు సీఎంసీకి పరుగెత్తే జనం మనం. అదే ఆసుపత్రికి మానసిక వైద్యానికి బాగాయంలో విడిగా సెంటర్ ఉంది, అటు వెళ్లడానికి మాత్రం సిగ్గు. అంత దూరం అవసరం లేదనుకుంటే ఒంగోలులోనే సైకియాట్రిస్టులున్నారు. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే ప్రభుత్వం వాళ్ల టెలిమానస్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ మాట పాస్టరమ్మ గారికి మీరే చెప్పండి, మీతో ఆవిడ నోరు విప్పారు కాబట్టి. స్త్రీల సమాజంలో మాత్రం ప్రార్థన అంశంగా పెట్టకండి. మన దగ్గర ప్రార్థన అంశం మధ్యాహ్నానికి ఊరంతా తిరుగుతుంది.

పుల్పిట్ విషయం ఎవరు చెప్పాలి? కమిటీ మొత్తం కలిసి వెళితే ఆయనకు ఆ పాత రోజే కళ్ల ముందుకు వస్తుంది. మత్తయి సువార్త 18లో ఉన్నట్టు ఒక్కరే, ఒంటరిగా వెళ్లి చెప్పాలి. మీ మామగారు మాత్రం కాదు. మీ ఆయన ఏమంటున్నారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, తండ్రి ముందు మాట్లాడరని అర్థమైంది. ఆయనే వెళ్లాలి. ఉత్త చేతులతో కాదు, రెండు పనులు చేసి వెళ్లాలి. మొదటిది, ఈ నెల నుంచి జీతం సంఘం అకౌంట్ నుంచి పాస్టర్ గారి అకౌంట్‌కి ఒకటో తారీఖున దానంతట అదే పడేలా బ్యాంకులో ఏర్పాటు. రెండోది, క్వార్టర్స్ తాళాలన్నీ, కమిటీ దగ్గరుండే డూప్లికేట్‌తో సహా, ఆయన చేతికివ్వడం. ఆ తర్వాత చెప్పమనండి: ‘అయ్యగారూ, మీకు జరిగింది అన్యాయం. మా ఇంట్లో జరిగిందీ బాగాలేదు. బల్ల దగ్గర మీరన్న మాట కూడా మా అమ్మను చాలా బాధపెట్టింది’ అని. అంతే. ప్రసంగం అక్కర్లేదు, ఆయన వెంటనే మెత్తబడాలని చూడక్కర్లేదు. మొదట్లో నమ్మకపోవచ్చు కూడా.

కనికరానికీ హద్దుంది. ఆయన పిల్లల మీద చెయ్యి చేసుకున్నా, సభ్యులను బెదిరించినా, డబ్బు దగ్గర తేడా వచ్చినా, గాయం పేరు చెప్పి సర్దుకుపోవద్దు. ఇవన్నీ చేసి ఒక ఏడాది చూసినా ఆయన తీరు మారకపోతే, సంఘం నలిగిపోతుంటే, అప్పుడు జనరల్ బాడీ పెట్టుకోండి, మీరూ సంతకం పెట్టండి. పంపించాల్సి వస్తే పిల్లల పరీక్షలయ్యేదాకా ఇంట్లో ఉండనివ్వాలి. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని లెటర్‌హెడ్ మీద రాసి, కమిటీ అంతా సంతకాలు చేసి చేతికివ్వాలి. కింద ట్రెజరర్ సంతకం తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు తిరుగుతున్న కాగితం మీద మాత్రం పెట్టకండి. కోడలివి, ఇంటి మాట కాదంటావా అని మామగారు కోప్పడతారు. ఈ జవాబు ఆయన ముందు పెట్టండి. నాలుగు మాటలు నన్ను తిట్టనివ్వండి, ఫర్వాలేదు. బ్యాంకు ఫారం మీద ట్రెజరర్‌గా ఆయన సంతకమూ కావాలి కాబట్టి, తిట్టడం అయిపోయాక అది కూడా ముందు పెట్టండి.