చలిమిడి కొని పెడితే సరిపోదా అంటే, సరిపోదు

శుభకార్యాల్లో ఫలానా వంటకమే ఉండాలని పెద్దవాళ్లు ఎందుకు పట్టుబడతారు, దుకాణంలో కొని పెడితే తప్పేమిటి అని కొందరు అడుగుతుంటారు. మిగతా వాటి మాట ఎలా ఉన్నా చలిమిడి సంగతి నేను గట్టిగా చెప్పగలను. కొన్న చలిమిడి చెల్లదు.

మా పుట్టిల్లు ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నన్ను నరసాపురం ఇచ్చారు. 1996 ఆగస్టు చివర్లో పుట్టింట్లోనే నాకు పాప పుట్టింది. పాపకు మూడో నెల నడుస్తుండగా, దీపావళి ఇంకా నాలుగు రోజులు ఉందనగా, నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. ఆ రాత్రి గురించి కోనసీమలో ఎవరిని అడిగినా చెబుతారు. తెల్లారి చూస్తే మా కొబ్బరి తోటలో నాలుగైదు చెట్లు తప్ప అన్నీ నేల మీద ఉన్నాయి. కోతకు వచ్చిన వరి నీళ్లలో ఉంది. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. చంటిపిల్లతో ఇక్కడ వద్దని మావారు ఎలాగో దారి చేసుకుని మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చారు.

అమ్మ మాత్రం చలిమిడి లేకుండా గడప దాటనివ్వనంది.

అటక మీద డబ్బాలో ఉన్న బియ్యం ఒక్కటే తడవకుండా మిగిలింది. బిందెలో దాచిన నీళ్లతో ఆ బియ్యం నానబెట్టింది. పిండి మర ఆడదు కదా, పెరట్లో కూలిన మునగ చెట్టును పక్కకు లాగి రోలు బయటికి తీశారు. పక్కింటి దొడ్డమ్మ తాటాకిల్లు మొత్తం ఎగిరిపోయి, పిల్లలతో మా వసారాలోనే ఉంటోంది. ఎవరూ పిలవకుండానే వచ్చి చెంగు నడుముకు దోపి రోకలి అందుకుంది. అమ్మ ఒక పోటు, ఆవిడ ఒక పోటు. నేను జల్లిస్తూ, తడి ఆరిపోకుండా పిండి మీద తడిగుడ్డ కప్పుతూ కూర్చున్నాను. తడి ఆరితే చలిమిడి బిరుసెక్కుతుంది. "నీకే నిలువ నీడ లేదు, నీకెందుకమ్మా ఈ శ్రమ" అన్నాను. "ఇల్లు మళ్లీ కట్టుకుంటాం. పిల్ల ఒట్టి చేతులతో వెళ్లిందన్న మాట తుడిచేస్తే పోతుందా?" అంది.

కట్టెలు తడిసి రాజుకోలేదు. కిరసనాయిలు పోసి, ఊది ఊది, ఎలాగో బెల్లం పాకం ఉండకు తెచ్చారు. నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసి, అమ్మ గిన్నె దించింది. నాన్న పడిపోయిన చెట్టు నుంచి ఒక కాయ కోసి, కొట్టి తెచ్చారు. ఆ చెట్టు నేను పుట్టిన ఏడాది నాటిందని అప్పుడే చెప్పారు. ఆ ముక్కలే నేతిలో వేయించి కలిపారు. కట్టడానికి తోటలో చిరగని అరటి ఆకు ఒక్కటి దొరకలేదు. ఇత్తడి గిన్నెలో పెట్టి, పాత చీర ముక్కతో వాసెన కట్టి నా ఒళ్లో పెట్టింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు పాప మావారి భుజం మీద, గిన్నె నా ఒళ్లో.

పుట్టింటి చలిమిడితో కడుపు చలవ అంటారు. అది మాటవరసకు అన్నది కాదని నేను నమ్ముతాను.

కొనుక్కునే వాటి మీద నాకేమీ కోపం లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే మా వీధిలో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఆ రేకు తీసే చేయి అందరికీ రాదు, కొనాల్సిందే. అన్నవరం ప్రసాదం కొండ మీద విస్తరాకులో కట్టి ఇస్తేనే ప్రసాదం. చలిమిడి అలా కాదు, అది ఇంటివాళ్ల చేత్తోనే కావాలి. నాగుల చవితికి పుట్ట దగ్గర చిమ్మిలితో పెట్టే పచ్చి చలిమిడి చూడండి, పొయ్యి కూడా అక్కర్లేదు, పిండి, బెల్లం, మన చేయి. దానికీ పొట్లాలు అమ్ముతున్నారు! పోయిన ఏడాది ఒక శ్రీమంతంలో దుకాణం చలిమిడి పెట్టారు. బెల్లం బదులు పంచదార, పైన రంగు. కడుపుతో ఉన్న పిల్ల నోట్లో అది ఎలా పెట్టబుద్ధయిందో!

సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వందల రకాలు పేర్చి ఫోటోలు తీయడం కూడా మా గోదావరి జిల్లాల మర్యాద అని చెప్పుకుంటున్నారు. ఆ అబ్బాయి వాటిలో పది కూడా తినలేడు. మర్యాద అంటే నాకు ఆ రోజు దొడ్డమ్మ పట్టిన రోకలే గుర్తొస్తుంది.

నరసాపురంలో మా అత్తగారు ఆ చలిమిడి వీధిలో ఇంటింటికీ తలా కాస్త పంచారు. ఎదురింటి పెద్దావిడ నోట్లో వేసుకుని, "దంచిన పిండే! ఈ తుఫానులో ఎవరు దంచారమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ వచ్చింది నాకు.

మీ ఇంట్లో రోలు లేకపోతే మిక్సీలో పట్టండి, తప్పులేదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం రాత్రే నానబోయండి, పిండి ఆరనివ్వకండి. పాకంలో పిండి కలిపేటప్పుడు గరిటె తిప్పడానికి ఇంకొకరిని పిలవండి, ఒక్కరి వల్ల కాదు.